ఈ-పుస్తకాలు అరువివ్వాలంటే: యాప్ కంటే ముందు ఒప్పందం

మీ ఊరి గ్రంథాలయం నుంచి ఈ-పుస్తకాలు అరువిచ్చే ఏర్పాటు చేయాలని మీరు గట్టిగా అనుకున్నారనుకుందాం. మీరు శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ కావచ్చు, జిల్లా గ్రంథాలయ సంస్థలో పనిచేస్తూ ఉండవచ్చు, లేదా ఊళ్లో పాత గ్రంథాలయాన్ని నిలబెట్టుకొస్తున్న కమిటీలో ఒకరు కావచ్చు. మొదటి సమావేశం పెట్టగానే మాట ట్యాబ్‌ల మీదికి, కంప్యూటర్ల మీదికి, యాప్ ఎవరు చేసిపెడతారన్న దాని మీదికి పోతుంది. ఆ చర్చను అక్కడే ఆపండి. పరికరాలు డబ్బుంటే వస్తాయి. సాఫ్ట్‌వేర్ తయారుగా ఉంది. మీకు కష్టపడి సంపాదించుకోవలసినది ఒకటే ఉంది: ఫలానా తెలుగు పుస్తకాన్ని ఫలానా షరతుల మీద పాఠకులకు అరువివ్వవచ్చునని హక్కుదారు సంతకం పెట్టిన కాగితం. ఆ కాగితాలు చేతిలో లేకుండా మొదలుపెట్టిన ఈ-గ్రంథాలయంలో ప్రారంభోత్సవం అయ్యాక చదవడానికి ఏమీ ఉండదు.

అచ్చు పుస్తకం కొన్నాక అది గ్రంథాలయం సొత్తు. ఎన్నిసార్లు ఎవరికిచ్చినా, అట్ట ఊడితే బైండింగ్ చేయించి మళ్లీ ఇచ్చినా అడిగేవాళ్లు లేరు. ఈ-పుస్తకం సంగతి వేరు. ఫైలు పాఠకుడి ఫోనులోకి చేరిందంటే మరో ప్రతి తయారైనట్టే. ప్రతి తీసే హక్కు కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుది. అందుకే పెద్ద ప్రచురణ సంస్థలు గ్రంథాలయాలకు ఈ-పుస్తకాన్ని అమ్మవు, లైసెన్సు ఇస్తాయి. లైసెన్సులో ఏం రాసుంటే మీకు అంతే.

దీనికి అమెరికా గ్రంథాలయాలు పడిన పాట్లు చూడండి. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ ఒక్కో ఈ-పుస్తకాన్ని 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు చెల్లదని నిబంధన పెట్టింది. రెండు వారాల గడువుతో ఇస్తే ఏడాదికి 26 అరువులు అవుతాయి. లెక్క అక్కడి నుంచి వచ్చింది. 2019 నవంబరులో మాక్మిలన్ సంస్థ కొత్త పుస్తకం వెలువడిన మొదటి ఎనిమిది వారాలు ఒక గ్రంథాలయ వ్యవస్థకు ఒక్క ఈ-ప్రతే ఇస్తామంది. నగరం ఎంత పెద్దదైనా ఒక్కటే. చాలా గ్రంథాలయాలు ఆ సంస్థ ఈ-పుస్తకాలు కొనడం మానేశాయి. 2020 మార్చిలో సంస్థ వెనక్కి తగ్గింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ మరో దారి పట్టింది: తమ దగ్గరున్న అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి, ఒక అచ్చు ప్రతికి ఒక ఈ-ప్రతి చొప్పున అరువిచ్చింది. కరోనా మొదట్లో ఆ పరిమితిని కూడా కొంతకాలం ఎత్తేసింది. ప్రచురణకర్తలు 2020లో కోర్టుకెక్కారు. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆర్కైవ్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. మనవాళ్లలో కూడా "బీరువాలో పుస్తకం మనదే కదా, స్కాన్ చేసి ఇస్తే తప్పేంటి" అనేవాళ్లు ఉంటారు. మన చట్టంలోని 52వ సెక్షన్ గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోనిస్తుంది. ఆ వెసులుబాటు దాచుకోవడానికి. ఊరందరి ఫోన్లకూ పంచడానికి దాన్ని ఆధారం చేసుకోవద్దు.

ఎవరి కోసం చేస్తున్నారో రాసుకోండి

మన గ్రంథాలయాల్లో ఇవాళ కుర్చీలు నింపుతున్నది పోటీ పరీక్షల అభ్యర్థులు. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివేవాళ్లు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. వాళ్లకు కావలసిన మొదటి సంగతి కూర్చునే చోటు, వెలుతురు, నిశ్శబ్దం. వాళ్ల గైడ్లను ఈ-పుస్తకాలుగా ఇవ్వగలిగితే మంచిదే. కానీ సిలబస్ మారిన ప్రతిసారీ అవి పాతబడతాయి, వాటి ప్రచురణకర్తలకు అమ్మకాలే ఆధారం, లైసెన్సు ఇవ్వడానికి సులభంగా ఒప్పుకోరు. సేవను వాళ్లతోనే మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు.

నా మాట వింటే గ్రంథాలయానికి రాలేనివాళ్లతో మొదలుపెట్టండి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారు. లైబ్రరీ తెరిచి ఉన్న వేళల్లో ఇంటిపనో కూలిపనో వదలలేని ఆడవాళ్లున్నారు. శాఖా గ్రంథాలయం లేని ఊళ్లలో పిల్లలున్నారు. చిన్న అక్షరాలు కనపడక చదవడం మానేసిన ఒకప్పటి గొప్ప పాఠకులున్నారు. ఫోనులో అక్షరం పెద్దది చేసుకోగలిగితే వాళ్లు మళ్లీ నవల పట్టుకుంటారు. వీళ్ల కోసం పనిచేస్తున్నామని ముందే తేల్చుకుంటే, ఏ పుస్తకాలు ఏ రూపంలో కావాలో దానంతటదే తేలుతుంది.

పాఠకుడున్న చోటికి పుస్తకాన్ని మోసుకుపోవడం మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం చేసిన పని అదే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టు మీద ఊళ్లలోని పాఠకులు గట్టు దాకా వస్తే చాలు, పుస్తకం చేతికందేది. మీరు తలపెట్టిన పని ఆ వరసలోదే, సందేహం పెట్టుకోవద్దు.

హక్కులు లేని పుస్తకాలు, హక్కులున్న పుస్తకాలు

మన దేశంలో రచయిత బతికుండగా వెలువడిన పుస్తకానికి ఆయన మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ తరవాత అది అందరిదీ. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు, కనుక "మాలపల్లి"కి 2018తో హక్కులు ముగిశాయి. గోపీచంద్ 1962లో పోయారు. "అసమర్థుని జీవయాత్ర" 2023 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కందుకూరి, గురజాడ, పానుగంటి, చిలకమర్తి, అడివి బాపిరాజు వీరందరి పుస్తకాలూ ఈ జాబితాలోకి వస్తాయి. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు. వారి పుస్తకాలకు ఇంకా అనుమతి కావాలి. ఒక జాగ్రత్త చెప్పాలి. పాత నవలకు కొత్తగా రాసిన పీఠిక, కొత్త బొమ్మలు, సంపాదకుల వివరణలు వాటిని చేసినవాళ్ల హక్కుల్లో ఉంటాయి. మూలపాఠం మాత్రమే తీసుకోండి. రచయిత మరణం తరవాత మొదటిసారి అచ్చయిన రచనకు లెక్క అచ్చయిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది.

ఇలాంటి పుస్తకాలు రెండు మూడు వందలతో తలుపు తెరవవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు అచ్చుతప్పులు దిద్ది పెట్టిన పాఠాలున్నాయి, మూలం చెప్పి వాడుకోవచ్చు. వాటికి లైసెన్సు ఖర్చు లేదు, వరసలో నిలబడే పని లేదు, ఒకేసారి వెయ్యిమంది తీసుకున్నా ఇబ్బంది లేదు. పిల్లల కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ నిర్వహించే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ ఉచితం. దాన్ని మీ సభ్యులకు చూపించండి, అందులో ఉన్నవి మళ్లీ తయారు చేసుకోనక్కర్లేదు. అయితే పాతవాటితోనే సరిపెట్టుకుంటే పాఠకులు రెండోసారి రారు. బతికున్న రచయితలు కావాలి. అసలు పని ఇక్కడుంది.

ప్రచురణకర్త గది గుమ్మంలో

తెలుగు పుస్తకాలకు హక్కులు ఎవరి దగ్గరున్నాయన్నది తేలిగ్గా తేలదు. చాలా మంది రచయితలు సొంత ఖర్చుతో ఐదు వందల ప్రతులు వేసుకుని, పంపిణీకి మాత్రం ఎవరికో ఇస్తారు. ప్రచురణ సంస్థ వేసినా అది నోటిమాట మీద జరిగినదే కావచ్చు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని, గడువు రాయకపోతే ఐదేళ్లకేనని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల ప్రచురణకర్త "తీసుకోండి" అన్నంత మాత్రాన మీ పని అయిపోదు. రచయిత సంతకమూ తీసుకోండి. రచయిత లేకపోతే వారసులందరి అంగీకారం కావాలి. అన్నదమ్ముల్లో ఒకరు ఊ అన్నారు కదా అని మొదలుపెడితే రేపు ఇంకొకరి నుంచి నోటీసు వస్తుంది.

ప్రచురణకర్తల, రచయితల భయం ఏమిటో వినండి. అది న్యాయమైన భయం. పుస్తకం బయటికొచ్చిన కొద్దిరోజులకే పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరగడం చూసినవాళ్లు వాళ్లు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం: తెలుగు ప్రచురణకర్తలు చాలామంది కొత్త పుస్తకాలను ఆ రెండింటి కోసం సిద్ధం చేస్తారు. అందుకని కొత్త పుస్తకం ఒక ప్రదర్శనల కాలం దాటేదాకా ఈ-అరువులో పెట్టబోమని మీరే ముందుగా చెప్పండి. గ్రంథాలయాలు ఆలస్యాన్ని ఒప్పుకోకూడదని వాదించేవాళ్లున్నారు. పెద్ద సంస్థల విషయంలో నేనూ ఆ వాదంతో ఏకీభవిస్తాను. ఐదు వందల ప్రతులు వేసుకుని పెట్టుబడి తిరిగొస్తుందో రాదో అని చూసే రచయిత దగ్గర ఆ పట్టుదల పనికిరాదు.

డబ్బు మాట ఎలా మాట్లాడాలో లెక్కతో చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. ఒక నవలకు రెండేళ్ల లైసెన్సు 500 రూపాయలు అనుకోండి. ఒక ప్రతి, ఒక సమయంలో ఒక పాఠకుడు, 14 రోజుల గడువు. రెండేళ్లలో ఆ ప్రతి గరిష్ఠంగా 52 మందికి వెళ్తుంది. అందరూ వరసగా తీసుకుంటే ఒక్కో అరువుకు పది రూపాయల లోపు పడుతుంది. నలుగురే తీసుకుంటే ఒక్కో అరువు 125 రూపాయలు. అదే నవలకు లైసెన్సు కాకుండా అరువుకు 15 రూపాయల చొప్పున ఇచ్చే ఒప్పందమైతే నలుగురికి 60 రూపాయలు, 52 మందికి 780. రెండు పద్ధతుల మధ్య గీత 33 అరువుల దగ్గరుంది. జనం ఎగబడే పుస్తకానికి లైసెన్సు, అరుదుగా అడిగే పుస్తకానికి అరువుకింత. తెలుగులో మంచి పుస్తకాలు చాలావరకు రెండో రకానివి: స్థానిక చరిత్రలు, యాత్రాకథనాలు, విమర్శ, మాండలిక కథలు. వాటికి అరువుకింత పద్ధతి పెడితే గ్రంథాలయం ముందుగా డబ్బు పోయనక్కర్లేదు, పాఠకుడికి వేలాది పుస్తకాలు కనిపిస్తాయి. నెలకు ఒక్కో సభ్యుడికి ఇన్ని అని పరిమితి మాత్రం పెట్టుకోండి, లేకపోతే బడ్జెట్టు మార్చికి ముందే ఖాళీ అవుతుంది.

ఒప్పందంలో ఇవి రాయించకుండా బయటికి రావద్దు. లైసెన్సు గడువు, అరువు గడువు, ఒకేసారి ఎంతమంది. సభ్యత్వం జిల్లాకా, రాష్ట్రానికా. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు తప్పకుండా అడుగుతారు. వాళ్లకు ఇవ్వడానికి హక్కుదారు ఒప్పుకుంటే అది కూడా కాగితం మీద ఉండాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడితే ఫైళ్లు, లైసెన్సులు గ్రంథాలయం దగ్గర ఉండాలని, మరో వేదిక మీదికి మార్చుకోవచ్చని స్పష్టంగా రాయించండి. స్క్రీన్ రీడర్ పుస్తకాన్ని పైకి చదవడాన్ని అడ్డుకోకూడదని రాయించండి. రచయితకు ఎంత, ఎప్పటిలోగా అన్నది రాయించండి. ప్రచురణకర్తకు చెల్లించిన డబ్బులో రచయిత వాటా చేరిందో లేదో అడిగే హక్కు ప్రజల డబ్బు ఖర్చుపెట్టే గ్రంథాలయానికి ఉంది.

ఒక్క గ్రంథాలయం ఇంత బేరం చేయలేదు. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలో గ్రంథాలయాలన్నీ కలిసి 2011లో ప్రేన్యూమెరిక్ అనే సొంత వేదికను మొదలుపెట్టాయి. ఇంగ్లీషు పుస్తకాల సముద్రం పక్కన ఉంటూ, తమ భాషా ప్రచురణకర్తలతో తామే షరతులు కుదుర్చుకున్నారు. తెలుగుకు రెండు రాష్ట్రాలున్నాయి. రెండు రాష్ట్రాల గ్రంథాలయాలు ఒకే ఒప్పంద నమూనా వాడితే రచయిత ఒక్కసారి సంతకం పెడితే చాలు. ఇది జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అది జరిగేదాకా కనీసం పక్క జిల్లాతో కలవండి.

అను ఫాంట్ల ముడి

హక్కులు దొరికాక ఫైలు అడుగుతారు. అప్పుడు తెలుగు ప్రచురణలో అందరికీ తెలిసిన చిక్కు ఎదురవుతుంది. ముప్ఫై ఏళ్లుగా మన పుస్తకాలు ఎక్కువభాగం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపయ్యాయి. ఆ ఫైల్లో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. తెరమీద తెలుగులా కనిపిస్తుంది. వెతికితే మాట దొరకదు, స్క్రీన్ రీడర్ చదవలేదు, ఫోనులో అక్షరం పెంచితే పేజీ అంతా అటూ ఇటూ జరపాలి. దాన్నే పీడీఎఫ్ చేసి యాప్‌లో పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆరంగుళాల ఫోనులో అలాంటి పీడీఎఫ్ నవల చదవమని డెబ్భై ఏళ్లావిడకు ఇవ్వడం ఆవిణ్ణి చదవొద్దనడమే.

మీకు కావలసింది ఈపబ్ రూపం. అందులో పాఠం తెర వెడల్పును బట్టి సర్దుకుంటుంది, అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. బొమ్మలు లేని నవల ఈపబ్‌లో చిన్న ఫైలు. స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి ఎన్నో రెట్లు బరువు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. అవి ఎనభై తొంభై పాళ్లు సరిగా చేసినా, ఆ మిగిలిన తప్పులే పాఠకుణ్ణి విసిగిస్తాయి: వత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, అరసున్నలు పోతాయి, అంకెలు మారతాయి. స్కాన్ బొమ్మల నుంచి పాఠం తీసే ఓసీఆర్‌కూ ఇదే జబ్బు. కాబట్టి దిద్దేవాళ్లకు డబ్బు కేటాయించండి. డిగ్రీ కాలేజీ తెలుగు శాఖ విద్యార్థులకు పేజీకింత అని ఇచ్చి, ఒకరు దిద్దిన దాన్ని మరొకరు చూసేలా పెట్టండి. రిటైరైన తెలుగు మాస్టార్లు సంతోషంగా వస్తారు. ట్యాబ్‌లకు వేసిన బడ్జెట్టులో సగం ఇటు మళ్లించమని నేను గట్టిగా చెబుతాను. ఒకసారి సరిగా తయారైన ఈపబ్ మీ జిల్లాకే కాదు, రచయితకు కూడా ఆస్తి. ఆ ఫైలు ఆయనకు తిరిగి ఇస్తామని చెప్పండి. బేరంలో మీ చేతిలో అంతకంటే విలువైనది లేదు.

మిగతా ఏర్పాట్లు

సాఫ్ట్‌వేర్ గురించి కొద్దిగా చెబితే చాలు. పుస్తకాల జాబితాకు కోహా వాడండి, ఉచితం, మన దేశంలో తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. గడువు తీరాక పుస్తకం తెరుచుకోకుండా చేసే తాళాన్ని డీఆర్ఎం అంటారు. అందులో రీడియం ఎల్‌సీపీ అనేది ఏ ఒక్క అమ్మకందారుకూ కట్టిపడేయని పద్ధతి; ఫ్రాన్స్ గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. పాఠకుడు ఒకసారి సంకేతపదం ఇస్తే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. పల్లెల్లో ఇది తప్పనిసరి. హక్కులు ముగిసిన పుస్తకాలకు అసలు తాళం వేయకండి.

సభ్యత్వం శాఖా గ్రంథాలయంలోనే ఇవ్వండి. ఒకసారి మనిషి వచ్చి, లైబ్రేరియన్ చేత ఫోనులో యాప్ పెట్టించుకుని, మొదటి పుస్తకం అక్కడే తీసుకుని వెళ్లాలి. నడవలేనివాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. ఎవరు ఏం చదివారన్నది పుస్తకం తిరిగొచ్చాక చెరిపేయండి. లెక్కకు అంకె మిగిలితే చాలు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి, సభ్యత్వ ఫారంలోనే ఆ గడి పెట్టండి. చూపులేని పాఠకుల కోసం 2012 కాపీరైట్ సవరణ చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది. 2016లో మొదలైన, చూపులేనివాళ్ల ఆన్‌లైన్ గ్రంథాలయమైన సుగమ్య పుస్తకాలయతో కలిసి పనిచేస్తే మీరు తయారుచేసిన ఈపబ్‌లు దేశంలోని మిగతా అంధ పాఠకులకూ చేరతాయి.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అది జనం గ్రంథాలయం కోసం కడుతున్న డబ్బు. మీ పురపాలక సంఘమో పంచాయతీనో వసూలు చేసినదంతా జిల్లా సంస్థకు జమ చేసిందో లేదో తెలుసుకోండి, బకాయి ఉంటే అడగండి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాల వాటాకు జోడించి సహాయం ఇస్తుంది; ప్రతిపాదన జిల్లా సంస్థ ద్వారా పంపించండి.

ఆరు నెలలపాటు రెండు మూడు శాఖల్లోనే నడపండి. ఒక పుస్తకానికి ఒక్కో ప్రతి మీద ఆరుగురికి మించి ఎదురుచూస్తుంటే ఇంకో ప్రతికి లైసెన్సు తీసుకోండి. మూడు నెలల వరస చూసి ఎవరూ ఓపిక పట్టరు, తిరిగి టెలిగ్రామ్‌కే పోతారు. ఆరు నెలలయ్యాక చూడవలసిన అంకెలు రెండే: రెండోసారి పుస్తకం తీసుకున్నవాళ్లెందరు, తెరిచి వదిలేసిన పుస్తకాలెన్ని. డౌన్‌లోడ్ల సంఖ్య పత్రికా ప్రకటనకు పనికొస్తుంది తప్ప మీకు ఏమీ చెప్పదు.

నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలను గడువుగా పెట్టుకుని, ఈ నెలలోనే మీ జిల్లాలో ఉంటున్న పదిమంది రచయితలకు ఉత్తరాలు రాయండి. ఏ పుస్తకం కావాలో పేరుపెట్టి అడగండి, షరతులు ఒక పేజీలో ఇవ్వండి, ఈపబ్ మీరే తయారుచేసి ఇస్తామని రాయండి. ఒప్పుకున్నవారికి మొదటి ఆరు నెలల డబ్బు, ఎంత చిన్న మొత్తమైనా సరే, చెప్పిన తేదీకి వాళ్ల ఖాతాలో వేయండి.